క్యాన్సర్ భయానికి గర్భసంచులు ఇచ్చుకుంటున్న ఊళ్లు

“అక్కా, గర్భసంచి తీసేసుకోవాల్నట. లేకుంటే ముందుముందు క్యాన్సర్ అయితదని డాక్టర్ చెప్పిండు. ఇద్దరు పిల్లలయిరి గదా, ఇంక దాంతోని పనేముంది అన్నడు.”

ఫోన్ చేసింది మా చిన్నమ్మ కూతురు. దేవరకొండ వైపు పల్లె. వయసు 34. చాలా నెలలుగా తెల్లబట్ట, నడుము నొప్పి. పత్తి ఏరే రోజులని, కూలి పోతుందని ఆస్పత్రికి పోవడం వాయిదా వేస్తూ వచ్చింది. చివరికి ఊళ్లో ఆర్‌ఎంపీ తీసుకుపోతే ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోయింది. స్కానింగ్ తీశారు, రక్తం పరీక్షలు చేశారు, ఆపరేషన్‌కు తేదీ కూడా ఇచ్చేశారు. డబ్బు సర్దుబాటు కోసం సంఘంలో లోన్ అడగాలా, బంగారం కుదువ పెట్టాలా అన్నదే ఇంట్లో చర్చ. ఆపరేషన్ కావాలా వద్దా అని ఎవరూ అడగలేదు.

కాగితాలన్నీ వాట్సాప్‌లో పెట్టమన్నాను. స్కానింగ్ రిపోర్టులో గర్భసంచి కాస్త పెద్దగా ఉందని రాసి ఉంది. హిమోగ్లోబిన్ తక్కువ. అంతే. గర్భసంచి మూతిని ఎవరైనా కళ్లతో చూసినట్టు ఎక్కడా ఒక్క మాట లేదు. ఏ చోట క్యాన్సర్ వస్తుందని భయపెట్టారో ఆ చోటునే చూడలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఆ కోపం తగ్గాక కూడా మిగిలిన ఆలోచనను ఇక్కడ రాస్తున్నాను.

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో ఇది కొత్త సంగతి కాదు. ఏ పెళ్లిలోనైనా నలభై దాటిన ఆడవాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే వాళ్లలో ఎవరికో ఒకరికి ‘పెద్ద ఆపరేషన్’ అయి ఉంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు కూడా ఇదే చెబుతున్నాయి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం. తెలంగాణలో ఆ సంఖ్య 8 శాతం చుట్టూ ఉంది, ఆంధ్రలో ఇంకాస్త ఎక్కువ. అదే సర్వే, 2019–21లో, 30 నుంచి 49 ఏళ్ల వాళ్లను ఇంకో ప్రశ్న కూడా అడిగింది: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ (అంటే గర్భసంచి మూతికి వచ్చే క్యాన్సర్) పరీక్ష జీవితంలో ఎప్పుడైనా చేయించుకున్నారా అని. అవునన్నవాళ్లు దేశంలో 1.9 శాతం. తెలంగాణ దానికంటే మెరుగే గానీ ఇక్కడా 5 శాతం దాటలేదు.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. మా దగ్గర క్యాన్సర్ పరీక్ష చేయించుకున్న ఆడవాళ్లకంటే గర్భసంచి పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ. అవగాహన లేదు, భయం లేదు, అందుకే మన ఆడవాళ్లు పరీక్షలకు రారు అని మీటింగుల్లో చెబుతుంటారు. భయానికేం కొదవ లేదు. ఆ భయంతో అప్పు చేసి మరీ ఆపరేషన్ చేయించుకుంటున్నారు. వాళ్ల భయానికి సరైన జవాబు ఊరి దగ్గర దొరకడం లేదన్నదే నా బాధ.

జవాబు ఎప్పుడో దొరికింది

ఈ క్యాన్సర్ గురించి మనిషికి తెలిసినంత స్పష్టంగా వేరే క్యాన్సర్ల గురించి తెలియదంటే అతిశయోక్తి కాదు. జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో ఈ కణితుల్లో హెచ్‌పీవీ 16 అనే వైరస్ రకాన్ని, మరుసటి ఏడు 18వ రకాన్ని గుర్తించింది. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. పదింట ఏడు కేసులకు ఆ రెండు రకాలే కారణం. వైరస్ సోకిన వాళ్లలో చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతట అదే పోతుంది. పోకుండా తిష్ట వేసిన కొద్దిమందిలో కూడా క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పది, ఇరవై ఏళ్లు పడుతుంది. అన్నేళ్ల గడువు ఇచ్చే క్యాన్సర్ చేతిలో 2022లో మన దేశంలో సుమారు 80 వేల మంది చనిపోయారని అంతర్జాతీయ అంచనా.

ఆడపిల్లలకు ఈ వైరస్ సోకకుండా వేసే టీకా మంచిదే, అందులో నాకు సందేహం లేదు. 12, 13 ఏళ్లకు టీకా వేయించుకున్న ఇంగ్లండ్ పిల్లల్లో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో వచ్చిన అధ్యయనం తేల్చింది. కానీ ఈరోజు బడిలో టీకా వేయించుకునే పిల్లకు ఈ జబ్బు వచ్చే వయసు రావాలంటే ఇంకా పాతిక, ముప్పై ఏళ్లు. ఈలోగా వాళ్ల అమ్మ సంగతేమిటి? మా చిన్నమ్మ కూతురి సంగతేమిటి? వాళ్లకు ఆ టీకా ఆలస్యమైపోయింది. వాళ్లకు పనికొచ్చేది పరీక్ష ఒక్కటే.

ఆ పరీక్ష గురించి ప్రపంచానికి దారి చూపిన పరిశోధన ఏ అమెరికాలోనో జరగలేదు. మహారాష్ట్రలో ఉస్మానాబాద్ జిల్లాలో జరిగింది. ఇప్పుడు ధారాశివ్ అంటున్నారు. మన సరిహద్దుకు మరీ దూరమేమీ కాదు, జొన్న, కంది పండే మెట్ట ప్రాంతం, మన పాలమూరు లాంటిదే. శంకరనారాయణన్ అనే డాక్టరు, బార్శీలోని క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు కలిసి 30 నుంచి 59 ఏళ్ల 1,31,746 మంది ఆడవాళ్లను ఊళ్లవారీగా నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆ వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ పరీక్ష, ఇంకొక గుంపుకు గర్భసంచి మూతి దగ్గరి కణాలు తీసి మైక్రోస్కోపులో చూసే పాప్ స్మియర్, మూడో గుంపుకు గర్భసంచి మూతికి పల్చటి ఎసిటిక్ యాసిడ్ రాసి తెల్ల మచ్చలు చూసే పరీక్ష. నాలుగో గుంపుకు ఏ పరీక్షా లేదు. ఎనిమిదేళ్లు చూశారు. హెచ్‌పీవీ పరీక్ష జరిగిన ఊళ్లలో ఈ క్యాన్సర్‌తో 34 మంది చనిపోతే, ఏ పరీక్షా లేని ఊళ్లలో 64 మంది చనిపోయారు. ఒక్కసారి చేసిన పరీక్షతో వచ్చిన తేడా అది. ఫలితాలు 2009లో అచ్చయ్యాయి.

ఈ పరిశోధన గురించి చదివినప్పుడల్లా నాకు ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఆ 64 మంది. పరీక్ష చేయకుండా వదిలేసిన గుంపు వాళ్లు. అలా వదిలేయడం తప్పని ఆ తర్వాత పెద్ద వాదనే జరిగింది. అప్పుడు దేశంలో ఎక్కడా పరీక్ష లేదు కాబట్టి కొత్తగా వాళ్లకు చేసిన అన్యాయం లేదని ఒక పక్షం అంది. క్యాన్సర్‌ను ముందే పట్టే పద్ధతులు ఉన్నాయని తెలిసీ కొందరిని చూస్తూ ఊరుకోవడమేమిటని రెండో పక్షం అడిగింది. నేను రెండో పక్షం వైపు మొగ్గుతాను, కానీ ఆ గుంపు లేకపోతే తేడా తెలిసేది కాదన్న మాటకూ నా దగ్గర సమాధానం లేదు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. అంత ఖరీదు కట్టి తెలుసుకున్న సంగతిని వాడకుండా ఏళ్లకేళ్లు పక్కన పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు.

నల్గొండవాళ్లకు ఈ బాధ కొత్త కాదు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టుకుంది, నల్గొండ టెక్నిక్ అని. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతి. 1970లలోనే వచ్చింది. అంతర్జాతీయ పుస్తకాల్లో ఆ పేరు ఉంది. ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లలు వంకర కాళ్లతోనే పెరిగారు. పద్ధతి కనిపెట్టడం వేరు, అది ప్రతి ఇంటి బిందెలోకి రావడం వేరు. చివరికి కృష్ణ నీళ్లు నల్లాల్లో వస్తే తప్ప ఊళ్లకు ఊపిరి ఆడలేదు.

కాగితం చేతిలో పెట్టి పంపితే

ఇక్కడి దాకా నాతో ఏకీభవించేవాళ్లు చాలామందే ఉంటారు. “అయితే ఊరూరా క్యాంపులు పెట్టి పరీక్షలు చేద్దాం” అంటారు. నాకు అసలు టెన్షన్ ఆ మాటతోనే మొదలవుతుంది.

ఉస్మానాబాద్‌లో హెచ్‌పీవీ పరీక్ష చేసిన ప్రతి పది మందిలో ఒకరికి పాజిటివ్ వచ్చింది. ఆ పది శాతంలో చాలామందికి క్యాన్సర్ లేదు, ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. ఇప్పుడు మా వైపు ఒక మండలంలో క్యాంపు పెట్టి వెయ్యి మందికి పరీక్ష చేశారనుకోండి. వందమంది చేతిలో పాజిటివ్ అన్న కాగితం ఉంటుంది. “పెద్దాస్పత్రికి పోయి చూపించుకోండి” అని చెప్పి క్యాంపు వాళ్లు జీపెక్కి వెళ్లిపోతారు. ఆ వందమంది ఎక్కడికి పోతారో నేను చెప్పక్కర్లేదు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఆయన వాళ్లను తనకు కమీషన్ వచ్చే ఆస్పత్రికి తీసుకుపోతాడు. ఇంతకుముందు స్కానింగ్ కాగితం చూపించి భయపెట్టేవాళ్లకు ఇప్పుడు సర్కారు వాళ్లే ఇచ్చిన ఇంకా బలమైన కాగితం దొరుకుతుంది. ఆ వందలో చాలామంది గర్భసంచులు పోతాయి.

గర్భసంచి పూర్తిగా తీసేస్తే ఆ మూతి కూడా పోతుంది, ఇక అక్కడ క్యాన్సర్ రావడమన్నది దాదాపుగా ఉండదు కదా, మరి తప్పేముంది అని మా బంధువుల్లోనే ఒకాయన వాదించారు. చదువుకున్న మనిషి. ఆయన మాటలో నిజం ఉంది కాబట్టే దాన్ని కొట్టిపారేయలేను. కానీ ముప్పై నాలుగేళ్ల మనిషికి గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన పెద్దావిడ ఒంటి తీరు రాత్రికి రాత్రే వచ్చేస్తుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. అప్పటిదాకా పది గంటలు వంగి నాట్లు వేసిన మనిషి నాలుగు బిందెల నీళ్లు మోయలేకపోవడం మా ఊళ్లలో చూస్తూనే ఉన్నాం. వందమందిలో కొద్దిమందికి చిన్న చికిత్సతో పోయేదానికి వందమందినీ ఇలా చేయడం వైద్యం ఎలా అవుతుంది? అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టే 2023లో రాష్ట్రాలకు గడువు పెట్టి మార్గదర్శకాలు అమలు చేయమంది. అంతదాకా వచ్చిన విషయమిది.

అందుకే నా అభిప్రాయం ఇది. మా జిల్లాల్లో పరీక్షా చికిత్సా ఒకే గడపలో, వీలైతే ఒకే రోజు జరగాలి. ఆ ఏర్పాటు లేని క్యాంపులు పెట్టకపోవడమే నయం.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఈ క్యాన్సర్‌ను నిర్మూలిద్దామని ప్రకటించి 2030కి మూడు లక్ష్యాలు పెట్టింది: 15 ఏళ్లలోపు 90 శాతం ఆడపిల్లలకు టీకా, 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు ఇంకోసారి 70 శాతం ఆడవాళ్లకు నమ్మకమైన పరీక్ష, తేడా కనిపించిన వాళ్లలో 90 శాతం మందికి చికిత్స. టీకా గురించి పేపర్లు రాస్తాయి, పరీక్ష గురించి డాక్టర్లు మాట్లాడతారు. మూడో లక్ష్యం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మాకు ప్రాణం దానిమీదే ఉంది.

ఆ చికిత్స కూడా భయపడాల్సినంత పెద్దదేం కాదు. క్యాన్సర్ కాకముందు దశలో మచ్చ కనిపిస్తే చేతిలో ఇమిడే పరికరం కొనను వేడి చేసి ఆ చోట ఆనిస్తారు. నిమిషం లోపు పని. మత్తు అక్కర్లేదు, కోత లేదు, ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లొచ్చు. శిక్షణ ఇస్తే నర్సులు కూడా చేయగలరు. అందరికీ ఇది సరిపోదు. మచ్చ లోపలికి పాకినా, ముట్లుడిగి ఆ చోటు సరిగా కనపడకపోయినా పెద్దాస్పత్రికి పంపాల్సిందే. కానీ అలా పంపాల్సిన వాళ్లు కొద్దిమందే ఉంటారు. వాళ్లను పేరుపేరునా వెంటబెట్టుకుని తీసుకుపోవచ్చు.

ఖమ్మం మరిచిపోతే కుదరదు

సర్కారు వస్తే జనం నమ్ముతారా అన్న సందేహం నన్ను వదలదు. ఎందుకంటే ఇదే హెచ్‌పీవీ పేరు మీద మన పక్క జిల్లాలో జరిగింది చిన్న విషయం కాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు ప్రయోగాత్మకంగా ఈ టీకా వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల సంతకం ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు చేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది, దాన్ని నేను నమ్ముతాను. అయినా 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ సంతకాల వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

నేను బడిపంతులమ్మను. మా దగ్గర కూడా ఎన్నో ఫారాలు వస్తాయి, ‘రేపటికల్లా అన్నీ నింపి పంపండి’ అని. పొద్దున వలస పోయిన తల్లిదండ్రుల సంతకం ఎక్కడినుంచి తేవాలి? అందుకే ఆ వార్డెన్లు ఎందుకలా చేశారో నాకు అర్థమవుతుంది. కానీ ఒప్పుకోలేను. బిడ్డ ఒంట్లోకి సూది గుచ్చేముందు అమ్మను అడగాలి. అడగకపోవడం వల్ల పోయిన నమ్మకం ఇన్నేళ్లయినా తిరిగి రాలేదు.

అదే సమయంలో దేశంలో తొమ్మిది చోట్ల ఇంకో పరిశోధన నడుస్తోంది. టీకా రెండు డోసులా, మూడు డోసులా అని తేల్చడానికి. ఖమ్మం గొడవతో సర్కారు దాన్నీ ఆపేయించింది. దాంతో దాదాపు ఐదు వేల మంది పిల్లలకు ఒక్క డోసు దగ్గరే ఆగిపోయింది. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి వెంట ఉండి చూశారు. ఒక్క డోసు కూడా 16, 18 రకాలు ఒంట్లో తిష్ట వేయకుండా 95 శాతం దాకా అడ్డుకుంటోందని 2021లో ప్రకటించారు. కెన్యాలో జరిగిన మరో ప్రయోగం కూడా అదే చెప్పాక, ఒక్క డోసు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒప్పుకుంది. ఎన్నో పేద దేశాల పిల్లలకు ఈరోజు టీకా అందుతోందంటే అందులో మన పిల్లల పాత్ర ఉంది. వాళ్లలో ఎంతమందికి ఆ సంగతి ఎవరైనా చెప్పారో!

అడగాల్సిన తీరు

2023 మార్చి 8న మన రాష్ట్రంలో ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలైంది. మంగళవారాల్లో ఆడవాళ్లకు ఆడ సిబ్బందే చూస్తారు, ఈ పరీక్ష కూడా అందులో ఉంది. మంచి ఆలోచన. మా చిన్నమ్మ కూతురిని చివరికి సర్కారు ఆస్పత్రికే తీసుకుపోయాను. లేడీ డాక్టర్ పరీక్ష చేసి, యాసిడ్ రాసి చూసి, మచ్చలేమీ లేవు, ఇన్ఫెక్షన్ అంతే అని చెప్పి భార్యాభర్తలిద్దరికీ మందులు రాసింది. తెల్లబట్ట తగ్గింది. ఆపరేషన్ తేదీ అలాగే పోయింది. కానీ వెంట నేను లేకపోతే ఆమె వచ్చేది కాదు. మంగళవారం పనికి పోకపోతే కూలి పోతుంది, బస్సు కిరాయి పెట్టుకోవాలి, తీరా వెళ్లాక బట్టలు తీయమంటారని సిగ్గు.

ఈ సిగ్గుకు పరిశోధన చూపిన దారి ఒకటుంది. హెచ్‌పీవీ పరీక్షకు నమూనాను ఆడవాళ్లు తమంతట తామే చిన్న బ్రష్‌తో తీసుకోవచ్చు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సమ్మతించింది. హైదరాబాద్ పక్కనే ఉన్న మేడ్చల్ పల్లెల్లో ఈ తీరు సాధ్యమేనా అని అంతకు చాలా ఏళ్ల ముందే చూశారు. యాసిడ్ రాసి చూసే పరీక్ష అక్కడ చాలా కేసులను వదిలేసిందని, హెచ్‌పీవీ పరీక్ష మెరుగని కూడా తేలింది. ఖర్చెక్కువ కదా అంటారు. టీబీ కోసం సర్కారు ఆస్పత్రుల్లో ట్రూనాట్ యంత్రాలు వాడుతున్నారు, కరోనాకూ అవే వాడారు. అదే యంత్రంలో పెట్టే హెచ్‌పీవీ చిప్ మన దేశంలోనే తయారై 2025లో నిపుణుల పరీక్షలో నెగ్గింది.

ఈ వైరస్ భార్యాభర్తల కలయిక వల్ల వస్తుందన్న మాట ఇంట్లో ఎలా చెప్పాలన్నది ఇంకా తేలని ప్రశ్న. పాజిటివ్ వచ్చిందంటే మొగుడు అనుమానిస్తాడు. మా ఊళ్లలో ఆ అనుమానానికి కాపురాలు కూలిపోయాయి. ఆశా కార్యకర్త ఒక్కో ఇంటికి పోయి గుసగుసగా చెబితే అది ఇంకా అనుమానం పెంచుతుంది. మహిళా సంఘం మీటింగులో అందరికీ ఒకేసారి చెప్పాలి. పెళ్లయిన వాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుందనీ, పెళ్లయిన కొత్తలో సోకింది ఇరవై ఏళ్లకు బయటపడొచ్చనీ, తెచ్చింది ఎవరో ఏ పరీక్షా చెప్పలేదనీ చెప్పాలి. మగవాళ్లకు కూడా గ్రామసభలో ఇదే మాట చెప్పాలి. అది సర్పంచ్ చెబితే ఇంకా మంచిది.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండిన పెద్దమ్మ ఒకామె ఉండేది. ముట్లు ఆగిపోయి ఏళ్లయ్యాక మళ్లీ రక్తం కనపడితే, ఒంట్లో వేడి అనుకుని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది. మాకెవరికీ చెప్పలేదు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి పోయేసరికి చుట్టూ పాకింది. రెడ్‌హిల్స్‌లో ఆ ఆస్పత్రి దగ్గర గది తీసుకుని వారాల తరబడి కరెంటు (రేడియేషన్) పెట్టించుకుంది. మరుసటి ఏడు పోయింది. ఆమెకు ఎవరూ ఏ పరీక్షా చేయలేదు, ఎవరూ భయపెట్టనూ లేదు. ఆపరేషన్ల గురించి నేను రాసింది చదివి ఎవరైనా ‘క్యాన్సర్ అంతా ఉత్త భయమే’ అనుకుంటారేమోనని ఆమె సంగతి చెబుతున్నాను. ముట్లుడిగాక రక్తం కనపడినా, భర్తతో కలిసినప్పుడు కనపడినా ఒక్కరోజు కూడా ఆగొద్దు.

నారాయణపేట, మక్తల్, కొడంగల్ వైపు నుంచి పుణె, ముంబై పనులకు పోయే ఆడవాళ్ల గురించి ఎంత ఆలోచించినా నాకు తెగడం లేదు. ‘రిజల్ట్ వచ్చాక రండి’ అంటే వాళ్లు అప్పటికి ఏ బిల్డింగు పనిలోనో ఉంటారు. వాళ్లు ఊళ్లో ఉండేది పీర్ల పండుగకో, దసరాకో, ఊరి జాతరకో వచ్చినప్పుడే. ట్రూనాట్ లాంటి యంత్రంలో జవాబు కొన్ని గంటల్లో వస్తుంది కనుక, క్యాంపు తేదీలు కలెక్టరాఫీసు క్యాలెండర్ చూసి కాకుండా ఆ పండుగల చుట్టూ పెట్టాలి. పొద్దున నమూనా తీసుకుని, మధ్యాహ్నం చెప్పి, అవసరమైన వాళ్లకు సాయంత్రంలోగా అక్కడే చికిత్స చేసి పంపాలి. పీహెచ్‌సీలో ఆ రోజుకు వేడి చేసే పరికరం, దాన్ని వాడడం వచ్చిన నర్సు, పెద్దాస్పత్రికి పోవాల్సిన వాళ్ల కోసం బయట ఒక బండి సిద్ధంగా ఉండాలి. మా మండలంలో ఈ దసరాకు ఇలా చేయగలరా అని వైద్యాధికారికి రాస్తున్న ఉత్తరం మీద సంఘం వాళ్ల సంతకాలు తీసుకుంటున్నాం. చదివి వినిపించాకే తీసుకుంటున్నాం.